నివురుగప్పిన నిప్పు లాంటి హ్యాచ్‌బ్యాక్: కొనాలా, వద్దా, కొంటే ఏది?

ఒకే రంగు ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌లు రెండు పక్కపక్కన నిలబెట్టారనుకోండి. రెండూ ఏడో తరానివే. ఒకదాంట్లో 1.4 లీటర్ల ఇంజిన్, 125 హార్స్‌పవర్. రెండోది గోల్ఫ్ ఆర్. దాంట్లో 2.0 లీటర్ల టర్బో ఇంజిన్, 300 హార్స్‌పవర్. నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది, ఆగి ఉన్న చోటి నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగానికి సుమారు 5 సెకన్లలో చేరుతుంది. కార్ల మీద పెద్దగా ఆసక్తి లేని మనిషిని పిలిచి ఏది ఏదో చెప్పమంటే చాలాసేపు తడుముకుంటాడు. వెనక నాలుగు సైలెన్సర్ గొట్టాలు, గ్రిల్ మీద చిన్న ఆర్ అక్షరం, కాస్త పెద్ద చక్రాలు, బంపర్ల ఆకారంలో కొద్దిపాటి మార్పు. పైకి కనిపించే తేడా ఇంతే.

ఇలాంటి కార్లను కార్లంటే ఇష్టపడేవాళ్లు స్లీపర్లు అంటారు. మన భాషలో అంతకంటే మంచి మాట ఉంది, నివురుగప్పిన నిప్పు. నాకు ఈ జాతి కార్లంటే చాలా ఇష్టం. అయినా అడిగిన ప్రతివాళ్లకూ కొనమని చెప్పను. ఇష్టపడి కొనుక్కుని ఏడాది తిరక్కుండానే అమ్మేసినవాళ్లను చూశాను. వాళ్లను నిరాశపరిచినవి రెండు. ఒకటి, అంత డబ్బు పెట్టినా ఎవరూ గుర్తించకపోవడం. రెండోది ఇంకా ముఖ్యం. కొన్ని కార్లు తమ సత్తాను పక్కవాళ్ల దగ్గరే కాదు, నడిపేవాళ్ల దగ్గర కూడా దాచేస్తాయి. బయటికి మౌనంగా ఉండటం గొప్ప గుణమే. కానీ స్టీరింగ్ పట్టుకున్న చేతులతో కూడా మాట్లాడకపోతే ఆ కారుకూ మామూలు కారుకూ మిగిలే తేడా స్పీడోమీటర్ ముల్లు ఒక్కటే. ఈ వ్యాసంలో కార్లను పోల్చేటప్పుడు నేను ముఖ్యంగా చూసేది ఇదే.

మామూలుగా కనిపించడంలో ఉన్న సుఖం

ఈ తరహా కార్లకు దారి వేసింది మొదటి గోల్ఫ్ జీటీఐ. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో చూపించారు, 1976లో అమ్మకాలు మొదలయ్యాయి. 1.6 లీటర్ల ఇంజిన్, 110 హార్స్‌పవర్. గ్రిల్ చుట్టూ సన్నని ఎర్ర గీత, గళ్ల బట్ట సీట్లు, గోల్ఫ్ బంతి ఆకారంలో గేర్ నాబ్. ప్రత్యేకత అని చూపించుకున్నది అంతవరకే. ఆ సీటు బట్ట, గేర్ నాబ్ ఆలోచనలు గున్‌హిల్డ్ లిల్యెక్విస్ట్ అనే డిజైనర్‌వి. కంపెనీ 5,000 కార్లు అమ్ముడైతే చాలనుకుంది. ఆ మొదటి తరమే నాలుగున్నర లక్షలు దాటింది. కుటుంబాన్ని తిప్పే కారే సరదాగా నడుపుకునే కారు కూడా కావచ్చని అంతమందికి ఒకేసారి అర్థమైంది. ఆ కారు బరువు దాదాపు 800 కిలోలు మాత్రమే. ఈ బరువు సంగతికి మళ్లీ వస్తాను.

దీని అసలు సుఖం రోజువారీ బతుకులో తెలుస్తుంది. ఆఫీసు పార్కింగ్‌లో పెడితే ఎవరూ చుట్టూ చేరరు. సిగ్నల్ దగ్గర పక్క బండివాళ్లు ఇంజిన్ రేజ్ చేసి కవ్వించరు. పెద్ద రెక్క, బానెట్ మీద రంధ్రాలు, ఎర్ర స్టిక్కర్లు ఉన్న కారులో వెళ్తే రోడ్డు మీద మన మీద ఒక ముద్ర పడిపోతుంది. లేన్ మారబోతే వెనకవాళ్లు దారి ఇవ్వరు, నెమ్మదిగా పోతుంటే వింతగా చూస్తారు. సాదా కారుకు ఆ తలనొప్పి లేదు. వెనక సీట్లో పెద్దవాళ్లు నిద్రపోతుంటే కంఫర్ట్ మోడ్‌లో పెట్టి మెత్తగా నడపొచ్చు. అదే కారుతో మర్నాడు పొద్దున్నే ఖాళీగా ఉన్న ఘాట్ రోడ్డు ఎక్కొచ్చు. ఒకే తాళంచెవితో రెండు కార్లు.

భద్రత కోసం కూడా ఆ శక్తి పనికొస్తుంది. పొడవాటి లారీని దాటేటప్పుడు ఎదురు లేన్‌లో గడిపే సమయం తగ్గుతుంది. మధ్య వేగాల్లో ఉండే ఈ పికప్‌ను (వేగం అందుకునే చురుకును) నేను 0 నుంచి 100 లెక్క కంటే ఎక్కువగా పట్టించుకుంటాను. ఆగి ఉన్నప్పటి నుంచి పూర్తిగా తొక్కే పని నిజ జీవితంలో దాదాపు రాదు. 60 నుంచి 100కి వెళ్లే పని రోజూ వస్తుంది.

కనబడని ఖర్చు

ఇప్పుడు లోట్లు. మొదటిది, మీరు చెల్లించే అదనపు డబ్బులో చాలాభాగం కంటికి కనిపించదు. గట్టి గేర్‌బాక్స్, పెద్ద బ్రేకులు, అదనపు రేడియేటర్లు, బిగువు మార్చుకునే డంపర్లు (షాక్ అబ్జార్బర్లు), వెనక డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలకూ శక్తిని పంచే గేర్ల అమరిక). లోపల కూర్చుంటే మాత్రం ఎదురుగా సగం ధర కారులో ఉండే డాష్‌బోర్డే, అవే ప్లాస్టిక్కులు, అవే డోర్ హ్యాండిళ్లు. అదే డబ్బుకు పై తరగతి కారు వస్తుందని ఇంట్లోవాళ్లు అంటే ఆ మాట తప్పు కాదు. వాళ్లకు ఇచ్చుకునే జవాబు మీ దగ్గర ఉందో లేదో ముందే చూసుకోండి.

రెండోది, బీమా కంపెనీకి కారు సాదాగా కనిపించిందా లేదా అన్నదానితో పని లేదు. వాళ్లు మోడల్‌నూ ఇంజిన్‌నూ చూస్తారు. దొంగలూ అంతే. మామూలు జనం గుర్తుపట్టని నాలుగు గొట్టాలను వాళ్లు దూరం నుంచే గుర్తుపడతారు.

మూడోది చక్రాలు. దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొన్నాక అందరూ మొదట బాధపడేది దీని గురించే. 225/45 ఆర్17 టైరులో రబ్బరు పక్కగోడ ఎత్తు సుమారు 101 మిల్లీమీటర్లు. 225/40 ఆర్18కి వస్తే 90. 235/35 ఆర్19కి వస్తే 82. గుంతకూ రిమ్ముకూ మధ్య ఉన్న మెత్త అదొక్కటే. అది తగ్గేకొద్దీ అలాయ్ వంగడం, టైరు పక్కన ఉబ్బడం, క్యాబిన్‌లోకి రోడ్డు హోరు రావడం పెరుగుతాయి. షోరూమ్‌లో 19 అంగుళాల చక్రాలు అందంగా ఉంటాయి, నిజమే. మీరు తిరిగే రోడ్లు బాగుండకపోతే 18 అంగుళాలవే అడగండి. బ్రేకుల పరిమాణం ఒప్పుకుంటే 17 ఇంకా మేలు. పోయే షోకు కొంచెమే, మిగిలే ప్రశాంతత చాలా.

నాలుగోది శబ్దం. 2018 సెప్టెంబరు నుంచి యూరప్‌లో పొగ నియమాలు బిగుసుకున్నాక పెట్రోల్ కార్ల ఎగ్జాస్ట్‌లోనూ సూక్ష్మ కణాలను పట్టే ఫిల్టర్లు వచ్చాయి. గాలికి అది మంచిదే. ఇంజిన్ గొంతు మాత్రం తగ్గింది. గోల్ఫ్ ఆర్ శక్తి కూడా అప్పట్లో 310 నుంచి 300కి దిగింది. గొంతు తగ్గినచోట చాలా కంపెనీలు స్పీకర్ల నుంచో, ముందు అద్దం కింద పెట్టిన చిన్న పరికరం నుంచో కృత్రిమంగా శబ్దం వినిపిస్తున్నాయి. కొందరికి ఫరవాలేదు. నాకు మాత్రం అది మొదటి వారంలోనే విసుగు తెప్పిస్తుంది. టెస్ట్ డ్రైవ్‌లో మోడ్‌లు మార్చి చూసి, అది ఆపేయడానికి వీలుందో లేదో కనుక్కోండి.

ముందు చక్రాలా, నాలుగు చక్రాలా?

ఎక్కువ టెన్షన్ పెట్టే ప్రశ్న ఇది. తేలిగ్గా తేల్చే మార్గం ఒకటుంది.

కారు ముందుకు దూకినప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది, ముందు టైర్ల మీద ఒత్తిడి తగ్గుతుంది. ముందు చక్రాలతో నడిచే కారుకు పట్టు ఎక్కువ కావలసిన క్షణంలోనే పట్టు తగ్గుతుందన్నమాట. పైగా తిప్పే పనీ, లాగే పనీ రెండూ ఆ చక్రాలవే. శక్తి పెరిగేకొద్దీ స్టీరింగ్ చేతిలో ఒక పక్కకు గుంజుతుంది. దీన్నే టార్క్ స్టీర్ అంటారు. దీనికి మంచి ఉదాహరణ 2006 చివర్లో వచ్చిన మాజ్డా 3 ఎంపీఎస్. కొన్ని దేశాల్లో మాజ్డాస్పీడ్ 3 పేరుతో అమ్మారు. 2.3 లీటర్ల టర్బో, 260 హార్స్‌పవర్, 380 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం), గరిష్ఠ వేగం 250 కిలోమీటర్లు. అంతా ముందు రెండు చక్రాలకే. చూస్తే మామూలు మాజ్డా 3. ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా ఆపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ పెట్టారు, మొదటి రెండు గేర్లలో టార్క్‌ను కంప్యూటర్‌తో తగ్గించారు. అయినా గట్టిగా తొక్కితే స్టీరింగ్‌ను రెండు చేతులతో పట్టుకోవలసిందే. దాన్ని ఇష్టపడ్డవాళ్లు ఆ మొండితనాన్నే ఇష్టపడ్డారు. వద్దనుకున్నవాళ్లూ అందుకే వద్దనుకున్నారు. 2009లో వచ్చిన రెండో తరానికి బానెట్ మీద పెద్ద గాలి రంధ్రం పెట్టడంతో ఆ మరుగు కూడా పోయింది.

ఆ తర్వాత ఇంజినీర్లు చాలా నేర్చుకున్నారు. స్టీరింగ్ తిరిగే ఇరుసును చక్రం మధ్యకు దగ్గరగా జరిపే ప్రత్యేక సస్పెన్షన్, ఎలక్ట్రానిక్‌గా బిగుసుకునే డిఫరెన్షియల్, కారు నడుస్తుండగానే సరిచేసుకునే టార్క్ నియంత్రణ వచ్చాయి. హోండా సివిక్ టైప్ ఆర్ ప్రస్తుత తరం యూరప్ లెక్కలో 329 హార్స్‌పవర్‌ను ముందు చక్రాలకే పంపుతుంది, స్టీరింగ్ మాత్రం చెప్పినట్టు వింటుంది. కాబట్టి ముందు చక్రాల కారు అనగానే వద్దనకండి. మంచి డిఫరెన్షియల్ ఉందో లేదో అడగండి.

నాలుగు చక్రాల వ్యవస్థకు వర్షంలో, చలి దేశాల రోడ్ల మీద తిరుగులేదు. కానీ దాని మూల్యం చిన్నది కాదు. బరువు సుమారు వంద కిలోలు పెరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది, డిక్కీ చిన్నదవుతుంది. ఏడో తరం గోల్ఫ్ జీటీఐ డిక్కీ 380 లీటర్లు, గోల్ఫ్ ఆర్‌ది 343. వెనక డిఫరెన్షియల్‌కు చోటు కావాలి కదా. ఇంకో మాట, చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో ఈ వ్యవస్థ ఎప్పుడూ నాలుగు చక్రాలనూ సమానంగా నడపదు. మామూలుగా ముందు చక్రాలే పనిచేస్తాయి. అవసరమైనప్పుడు వెనక ఉన్న క్లచ్ బిగుసుకుని శక్తిని అటు పంపుతుంది. గోల్ఫ్ ఎనిమిదో తరం ఆర్‌లో వెనక రెండు చక్రాల మధ్య కూడా శక్తిని పంచే ఏర్పాటు వచ్చింది. పాతదానికీ దీనికీ మలుపుల్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది. పాత ఆర్‌లలో గట్టిగా నడిపితే ముక్కు బయటికి జారేది. కొత్తది వెనక నుంచి తోస్తూ లోపలికి తిరుగుతుంది.

నా సలహా ఇది. ఏడాదిలో నాలుగైదు నెలలు తడి రోడ్ల మీదో మంచు మీదో నడిపేవాళ్లు నాలుగు చక్రాలది తీసుకోండి, మళ్లీ ఆలోచించవద్దు. మిగతావాళ్లలో ఎక్కువమందికి 250 హార్స్‌పవర్ చుట్టుపక్కల ఉన్న ముందు చక్రాల కారే ఎక్కువ ఆనందం ఇస్తుంది. తేలిగ్గా ఉంటుంది. మామూలు వేగంలోనే దాని స్వభావం బయటపడుతుంది. నాలుగు చక్రాల కారు అంత తొందరగా బయటపడదు. దాని పట్టు చివరిదాకా వెళ్లేసరికి ప్రజలు తిరిగే రోడ్డు మీద వెళ్లకూడని వేగంలో ఉంటారు.

పేరు పేరునా

గోల్ఫ్ జీటీఐ. ఎనిమిదో తరం మొదట్లో 245 హార్స్‌పవర్, 2024 సవరణ తర్వాత 265. దీన్ని వంక పెట్టేవాళ్లు చాలా నున్నగా ఉంటుందంటారు, కొంత నిజం. కానీ రోజూ వాడే కారుగా దీనికి సమానమైనది వెతకడం కష్టం. ఒక హెచ్చరిక. ఎనిమిదో తరం మొదట్లో వచ్చిన కార్లలో ఏసీ, వాల్యూమ్ అన్నీ వేలితో తాకే పట్టీల మీదే ఉండేవి, రాత్రిపూట వాటికి వెలుగు కూడా ఉండేది కాదు. స్టీరింగ్ మీద మీటలూ అలాంటివే, మలుపు తిప్పుతుంటే అరచేయి తగిలి ఏదో ఒకటి ఆన్ అయ్యేది. 2024 సవరణలో పట్టీలకు వెలుగు, స్టీరింగ్ మీద నొక్కే మీటలు వచ్చాయి. సెకండ్‌హ్యాండ్ తీసుకునేవాళ్లు దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. ఇంజిన్‌ను అప్పుడప్పుడు పూర్తిగా వాడతారు, మీటల్ని రోజుకు వందసార్లు వాడతారు. అలాగే ఆ సవరణతో జీటీఐలో చేతి గేర్లు (మాన్యువల్) పోయాయి.

గోల్ఫ్ ఆర్, ఆడి ఎస్3. ఒకే కుటుంబం, ఒకే ఇంజిన్. ప్రస్తుతం రెండింట్లోనూ 333 హార్స్‌పవర్. ఆడిలో లోపలి పనితనం ఇంకాస్త బాగుంటుంది, దానికి తగ్గట్టు ధరా ఎక్కువే. ఎస్ కార్లకు ఆడి ఏళ్ల తరబడి ఇచ్చిన గుర్తు వెండి రంగు అద్దాల తొడుగులు. మౌనంగా చెప్పడమంటే నాకు గుర్తొచ్చేది అదే. కానీ రెండింటిలో ఏది అంటే గోల్ఫ్ ఆర్ వైపే మొగ్గుతాను. లోపలి హంగులకు అంత తేడా ఇవ్వడం నాకు నచ్చదు. బ్యాడ్జి ముఖ్యమైనవాళ్లు నిస్సంకోచంగా ఆడి తీసుకోండి, దాంట్లో తప్పేమీ లేదు.

స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్. జీటీఐ ఇంజినే, పొడవైన ఒళ్లు, వెనక పూర్తిగా తెరుచుకునే తలుపు. ఇప్పటి తరం డిక్కీ 600 లీటర్లు. ముగ్గురు పిల్లలున్న ఇంటికి ఇంతకంటే మంచి సమాధానం లేదు. కానీ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) పొడవు వల్ల ఇరుకు మలుపుల్లో గోల్ఫ్ చురుకు ఉండదు.

హోండా సివిక్ టైప్ ఆర్. 2017లో వచ్చిన తరం పెద్ద రెక్క, ఉత్తుత్తి గాలి రంధ్రాలతో నానా హంగామాగా ఉండేది. 2022లో వచ్చిన తరం చాలా సర్దుకుంది. రెక్క, మధ్యలో మూడు గొట్టాలు ఉన్నాయి గానీ ఒంటి గీతలు ప్రశాంతంగా ఉన్నాయి. పూర్తిగా మరుగున ఉండే కారు కాదు. అయినా దీన్ని ఈ జాబితాలో ఎందుకు పెట్టానంటే, చేతికి మాట్లాడే కారు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి దీన్ని ఒకసారి నడపాలి. చేతి గేర్లు మాత్రమే, గేర్ లివర్ పడే తీరు మళ్లీ మళ్లీ మార్చాలనిపిస్తుంది. 2023లో జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్‌లో 20.832 కిలోమీటర్ల చుట్టును 7 నిమిషాల 44.881 సెకన్లలో పూర్తి చేసింది. ముందు చక్రాల కార్లలో అప్పటికి అదే రికార్డు. కొనేముందు ఒకటి లెక్కపెట్టుకోండి, సీట్లు నాలుగే. వెనక మధ్యలో ఐదో మనిషికి చోటు లేదు.

బీఎండబ్ల్యూ ఎం135ఐ, ఎం140ఐ. 2012 నుంచి 2019 దాకా వచ్చిన పాత తరం గురించే చెబుతున్నాను. నివురుగప్పిన నిప్పు అన్న మాటకు నా దృష్టిలో ఇవే అసలైన అర్థం. మామూలు 1 సిరీస్ ఒంట్లో వరసగా ఆరు సిలిండర్లున్న 3.0 లీటర్ల టర్బో ఇంజిన్, వెనక చక్రాలకు శక్తి. ఎం135ఐకి మొదట 320 హార్స్‌పవర్, ఎం140ఐకి 340. కొన్ని దేశాల్లో నాలుగు చక్రాల రకం కూడా అమ్మారు. ఆ ఇంజిన్ నున్నదనం నాలుగు సిలిండర్లకు రాదు. లోట్లూ ఉన్నాయి. ఇంజిన్ ముందు నుంచి వెనక్కి పొడవుగా కూర్చోవడం వల్లా, కారు మధ్యలో షాఫ్టు పోవడం వల్లా వెనక సీటు ఇరుకు. ఫ్యాక్టరీ నుంచి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ రాదు కాబట్టి తడి రోడ్డు మీద మలుపులో తొక్కితే లోపలి చక్రం ఊరికే తిరుగుతుంది. 2019 తర్వాతి ఎం135ఐ ముందు చక్రాల నిర్మాణం మీద కట్టిన నాలుగు సిలిండర్ల, నాలుగు చక్రాల కారు. అది వేగంగానే ఉంటుంది, వెనక సీటూ మెరుగే. కానీ పేరు ఒకటైనా అది వేరే కారు. ప్రకటన చూసి పొరబడకుండా తయారైన సంవత్సరం చూడండి.

మెర్సిడెస్ ఏఎంజీ ఏ45 ఎస్‌లో 2.0 లీటర్ల నుంచే 421 హార్స్‌పవర్ తీశారు, 100కి 3.9 సెకన్లు. ఆ ఇంజిన్‌ను ఒకే మెకానిక్ మొదటి నుంచి చివరిదాకా చేత్తో కూర్చుతాడు. ఇంజినీరింగ్‌గా అద్భుతం. రోడ్డు మీద వాడుకోవడానికి మాత్రం అది అవసరానికి చాలా ఎక్కువ. టయోటా జీఆర్ యారిస్ ఇంకో అద్భుతం, 1.6 లీటర్ల మూడు సిలిండర్ల నుంచి 261 హార్స్‌పవర్‌తో మొదలై తర్వాత 280 దాకా వెళ్లింది. కానీ మూడు తలుపులు, 174 లీటర్ల డిక్కీ. కుటుంబానికి ఒకే కారు అయితే అది పనికిరాదు, రెండో కారుగా అయితే నాకూ కావాలి.

ఇక ఎలక్ట్రిక్ వైపు. 2023లో వచ్చిన ఎంజీ4 ఎక్స్‌పవర్ ఈ జాతిలో అందరికంటే మౌనంగా ఉండే కారు. రెండు మోటార్లు, 435 హార్స్‌పవర్, 600 న్యూటన్ మీటర్లు, 100కి 3.8 సెకన్లు. బయట నారింజ రంగు బ్రేక్ కాలిపర్లు తప్ప దాదాపు మామూలు ఎంజీ4. తొక్కగానే వచ్చే ఆ తోపు మొదటిసారి గుండె ఆగినంత పనవుతుంది. ఆ తర్వాత ఆలోచన మొదలవుతుంది. బరువు సుమారు 1,800 కిలోలు, పాత జీటీఐకి రెండింతల పైనే. అదే 64 కిలోవాట్ అవర్ బ్యాటరీతో మామూలు ఎంజీ4కి అధికారిక లెక్కలో 450 కిలోమీటర్లు వస్తే దీనికి 385. శక్తి పెరిగినంతగా స్టీరింగ్, సస్పెన్షన్, సీట్లు పెరగలేదు. నేను మొదట్లో చెప్పిన రెండో నిరాశ ఇదే. బయట మౌనం, లోపలా మౌనం. వేగం కావాలంటే ఇంత చవకగా ఇంకెక్కడా దొరకదు. నడపడంలో ఆనందం కావాలంటే 250 హార్స్‌పవర్ పెట్రోల్ కారే దీన్ని దాటుతుంది.

చేతి గేర్లా, ఆటోమేటిక్కా

రోజూ ట్రాఫిక్‌లో గంటల తరబడి ఉండేవాళ్లు ఆటోమేటిక్ తీసుకోండి, అది ఓటమి కాదు. డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్ మనకంటే త్వరగా గేర్ మారుస్తుంది, 0 నుంచి 100 కూడా తగ్గుతుంది. కానీ కారు మరీ నున్నగా ఉందనిపిస్తే, చేతి గేర్లు దానికి ప్రాణం పోస్తాయి. 50 కిలోమీటర్ల వేగంలో మూడు నుంచి రెండుకు దింపి సరిగ్గా కుదిరినప్పుడు కలిగే సంతృప్తికి ఏ నియమమూ అడ్డురాదు. కొత్త కార్లలో ఇవి తగ్గిపోతున్నాయి కాబట్టి చేతి గేర్లు కావాలంటే చాలామంది సెకండ్‌హ్యాండ్ వైపే చూడాల్సి వస్తోంది.

సెకండ్‌హ్యాండ్‌లో చూడాల్సినవి

సాదాగా కనిపించే కారు కదా, ఎవరో పెద్దమనిషి మెల్లగా వాడుకుని ఉంటారని అనుకోకండి. ఈ కార్లలో ఎక్కువమంది చేసే పని కంప్యూటర్ రీమ్యాప్. సాఫ్ట్‌వేర్ మార్చి యాభై, అరవై హార్స్‌పవర్ పెంచుకుంటారు, అమ్మేముందు పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కిస్తారు. నేను ఒకసారి ఇలాగే మోసపోయాను. రికార్డులన్నీ బాగున్నాయి, ఒళ్లు మెరిసిపోతోంది, రెండు నెలలకే క్లచ్ జారడం మొదలైంది. ఆ తర్వాతే తెలిసింది, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, ఇంటర్‌కూలర్ గొట్టాల క్లిప్పులు ఒకటికి నాలుగుసార్లు విప్పి బిగించినట్టు గీతలు పడి ఉంటే అది చూడాల్సిన గుర్తు అని. ఇప్పుడు నేను బానెట్ తెరవగానే మొదట ఆ క్లిప్పులే చూస్తాను. టెస్ట్ డ్రైవ్‌లో పై గేర్‌లో తక్కువ వేగం నుంచి పూర్తిగా తొక్కండి. ఇంజిన్ చప్పుడు పెరిగి కారు అంతగా ముందుకు పోకపోతే క్లచ్ అయిపోవస్తోందని అర్థం.

నాలుగు చక్రాల కారు అయితే వెనక క్లచ్ యూనిట్‌లో నూనె ఎప్పుడు మార్చారో కాగితం అడగండి. ఫోక్స్‌వ్యాగన్ కుటుంబంలో ఇది మూడేళ్లకోసారి మార్చాల్సినది. ఇటీవలి తరాల్లో పంపుకు ఉన్న జల్లెడ మురికితో మూసుకుపోతుంది, నూనె మార్చినా అది విడిగా తీసి శుభ్రం చేస్తేనే పోతుంది. పంపు చెడిపోతే వెనక చక్రాలకు శక్తి ఆగిపోతుంది, కొన్నిసార్లు హెచ్చరిక లైటు కూడా వెలగదు. నాలుగు చక్రాల కారుకని డబ్బిచ్చి రెండు చక్రాల కారు తోలుతున్నారన్నమాట. ఆరు గేర్ల పాత తడి క్లచ్ డీఎస్‌జీకైతే (క్లచ్‌లు నూనెలో మునిగి ఉండే ఫోక్స్‌వ్యాగన్ డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్) 60,000 కిలోమీటర్లకోసారి నూనె మార్చిన రుజువు ఉండాలి. లేకపోతే ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి.

నేరుగా సిలిండర్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజిన్లలో లోపలికి గాలి వెళ్లే వాల్వుల మీద మసి పేరుకుంటుంది. పెట్రోల్ ఆ వాల్వుల మీదుగా పోదు కాబట్టి కడిగే దారి లేదు. మాజ్డా ఎంపీఎస్‌లాంటి పాతవాటిలో ఇది మామూలు సంగతి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఇంజిన్ వణికితే ఆ మసి తీయించిన బిల్లు ఉందా అని అడగండి.

టైర్లు చూడటం అందరూ చెప్పేదే గానీ ఎందుకో చెప్పరు. నాలుగూ ఒకే మంచి కంపెనీవి, ఒకే రకానివి అయితే ఆ యజమాని కారుకు పెట్టాల్సిన డబ్బు పెట్టాడని అర్థం. 300 హార్స్‌పవర్ కారుకు చవక టైర్లు వేసిన మనిషి నూనె, బ్రేకుల దగ్గర కూడా అలాగే చేసి ఉంటాడు. బ్రేక్ డిస్కులను వేలితో తడిమి అంచున గట్టు ఎంత లేచిందో చూడండి. గంటకు 140 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారును ఆపడానికి బ్రేకులు పీల్చుకోవాల్సిన శక్తి 100లో ఉన్నప్పటి కంటే దాదాపు రెట్టింపు. అలా వాడిన కారులో డిస్కులే ముందు అరుగుతాయి, వాటిని దాచడం కష్టం.

ఇంకొక్కటి. చూడటానికి వస్తున్నామని ఫోన్ చేసినప్పుడే ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. టైమింగ్ చెయిన్ వదులైతే వచ్చే గలగల, టర్బో సీళ్లు పోతే వచ్చే నీలి పొగ చల్లని ఇంజిన్ మొదటి కొన్ని సెకన్లలోనే బాగా తెలుస్తాయి. బానెట్ అప్పటికే వెచ్చగా ఉంటే ఆ రోజు బేరం మాట్లాడకుండా తిరిగి వచ్చేయండి, మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లండి.